రాబందు ముక్కున తలకాయ

అందరూ మోనాలిసా వైపు పరుగెడుతుంటే, నేనేమో ఇవాళ లూవ్ర్ మ్యూజియంలో ‘రాబందుల శిల’ అనే ఒక పగిలిన చెక్కుడు రాయి ముందు అతుక్కుపోయాను.

పైన రాబందులు. ముక్కుల్లో మనుషుల తలకాయలు. కింద డాళ్లు గోడలా కట్టి నడుస్తున్న సైనికులు, వాళ్ల కాళ్ల కింద శవాలు.

ఇంతా చేసి గొడవ దేనికంటే, పొలం హద్దు! ఇప్పటి ఇరాక్ దక్షిణాన ఉండిన లగష్, ఉమ్మా అనే రెండు ప్రాచీన సుమేరియన్ నగర రాజ్యాలు ఆ భూమి కోసం, కాలవ నీళ్ల కోసం తరాల తరబడి కొట్టుకున్నాయి. అంతకుముందే కిష్ రాజు మెసిలిమ్ పెద్దమనిషిగా వచ్చి హద్దురాయి పాతించాడు. వింటేగా! చివరికి క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగష్ రాజు ఎఅన్నాతుమ్ గెలిచి ఈ రాయి చెక్కించాడు.

రాయి రెండో వైపు చూస్తే, లగష్ వాళ్ల దేవుడు నింగిర్సు శత్రువులను చేపల్లా వలలో బిగించి పట్టుకున్నాడు. ఒకడు వల కన్నంలోంచి తల బయటపెట్టాడు. నెత్తిన గద పడుతోంది. పాపం, వాడి దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను.

తర్వాతెప్పుడో ఉమ్మా రాజు లుగల్‌జగేసి వచ్చి లగష్‌ని దోచేశాడు. అతన్నేమో అక్కాద్ రాజు సర్గోన్ మెడకు కొయ్య బిగించి నిప్పూర్ గుడి గుమ్మం దాకా నడిపించాడు.

మోనాలిసాని చూడటం మర్చిపోయా. ఇంట్లో చెప్తే తిడతారు.