సంఘం మీద మనసు విరిగాక

55వ కీర్తనలో మొరపెట్టుకుంటున్న మనిషిని గాయపరిచింది శత్రువు కాదు. శత్రువు నిందించి ఉంటే సహించేవాణ్ణి అంటాడు. తనతో తియ్యగా మాట్లాడుతూ దేవుని మందిరానికి కలిసి నడిచినవాడే ఆ పని చేశాడని కుమిలిపోతాడు. సంఘం మీద మనసు విరిగినవాళ్లదీ ఈ నొప్పే. పక్కన మోకరించినవాళ్ల నుంచి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించినవాళ్ల నుంచి దెబ్బ తగిలితే దేవుడే కొట్టినట్టు ఉంటుంది. "నాకిక విశ్వాసం లేదు" అన్న మాట చాలామంది నోట వచ్చేది అప్పుడే.

ఆ మాట అనేముందు ఒకటి చూసుకోవాలి. సంఘం మన బదులు చాలా పనులు చేసిపెడుతూ ఉంటుంది. వారానికోసారి మన చేత బైబిలు తెరిపిస్తుంది. పాట ఎత్తుకుంటుంది. పాపాలు ఒప్పుకోమని గుర్తుచేస్తుంది, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్ల సిద్ధం చేస్తుంది, కానుక సంచి ముందుకు చాపుతుంది, మంచాన పడితే ఎవరో ఒకరిని ఇంటికి పంపుతుంది. వెళ్లడం మానేసిన రోజున ఇవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. మొదటి రెండు మూడు వారాలు హాయిగానే ఉంటుంది. తర్వాత వెలితి మొదలవుతుంది, దాన్ని మనం "దేవుడు దూరమయ్యాడు" అనుకుంటాం. దేవుడి సంగతి అలా ఉంచండి, ముందుగా ఆగిపోయింది ఈ ఐదారు పనులు. వాటిని ఒక్కొక్కటిగా మన చేతికి తీసుకోవచ్చు.

దానికంటే ముందు, విరిగింది ఏమిటో కాగితం మీద పెట్టండి. విసుగు వేరు, బోధలో విభేదం వేరు, డబ్బు దగ్గర మోసం వేరు, హింస వేరు. అన్నిటికీ ఒకే మందు వేస్తే పని చేయదు. ప్రసంగాలు చప్పగా ఉన్నాయి, ఎవరూ పలకరించరు అన్నది విసుగు. నలుగురైదుగురు కలిసే చిన్న ప్రార్థన కూడిక దొరికితే అది చాలావరకు తగ్గుతుంది, సంఘం మారక్కర్లేదు. బోధ తేడాగా ఉందనిపిస్తే బెరయవాళ్ల దారి ఉంది. పౌలు అంతటివాడు చెప్పినదాన్ని కూడా వాళ్లు రోజూ లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొస్తలుల కార్యములు 17:11). అలా చేసినందుకు ఆ గ్రంథం రాసిన లూకా వాళ్లను మెచ్చుకున్నాడు.

హింస విషయం పూర్తిగా వేరు. కొట్టడం, లైంగికంగా వేధించడం, పిల్లల మీద చెయ్యి వేయడం నేరాలు. అవి మొదట వెళ్లాల్సింది పోలీసుల దగ్గరికి, పెద్దల కమిటీకి కాదు. ఇక్కడే మత్తయి 18:15ను తప్పుగా వాడుతుంటారు. "ముందు ఒంటరిగా వెళ్లి ఆ సహోదరుడితో మాట్లాడావా?" అని బాధితురాలినే అడుగుతారు. సాటి సహోదరుల మధ్య వచ్చే తప్పును సరిదిద్దుకునే పద్ధతి అది. చేతిలో అధికారం ఉన్నవాడి గదిలోకి, అతని వల్ల దెబ్బతిన్నవాళ్లను ఒంటరిగా పంపమని దాని అర్థం కాదు. అలా పంపితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు: అవతలివాడు ముందే జాగ్రత్తపడతాడు, ఆధారాలు మాయమవుతాయి, ఆ గదిలోనే "క్షమించాను" అనిపించి ప్రార్థనతో ముగించేస్తారు. కాబట్టి ఫోన్‌లో మెసేజ్‌లు చెరపకండి. తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకోచోట దాచండి. శరీరం మీద దెబ్బలుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి కాగితం తీసుకోండి. క్షమించడానికీ ఫిర్యాదు చేయడానికీ మధ్య తగువు లేదు, రెండూ చేయవచ్చు.

డబ్బు దగ్గర అడగాల్సిన ప్రశ్నలు కొన్నే. కానుకలు లెక్కపెట్టేది ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరేనా? బ్యాంకు నుంచి డబ్బు తీయడానికి ఎన్ని సంతకాలు కావాలి? పాస్టరు గారి జీతం ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయించే చోట ఆయన బంధువులు ఎందరున్నారు? ఆస్తి ఎవరి పేరు మీద ఉంది? బయటి ఆడిటర్ చూసిన లెక్క సభ్యుల ముందు పెడతారా? ఇవి అడగడం అవిశ్వాసం కాదు. పేదల కోసం పోగుచేసిన చందాను తీసుకెళ్లేటప్పుడు పౌలు తన ఒక్కడి చేతిలో ఉంచుకోలేదు. ఎవరూ తప్పు మోపకుండా, దేవుని ఎదుటే గాక మనుషుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలని ఇతరులను వెంటబెట్టుకున్నాడు (2 కొరింథీయులకు 8:20-21). ఇంకా పాతకాలపు ఆధారం కావాలంటే, తొలి సంఘాల నాటి చిన్న నియమావళి డిడాకే ఉంది. తిరుగుతూ వచ్చే బోధకుడు మూడు రోజులు మకాం వేసినా, వెళ్తూ వెళ్తూ డబ్బు అడిగినా అతను అబద్ధ ప్రవక్త అని అందులో రాసి ఉంది. అంటే ఈ తలనొప్పి మన తరంలో పుట్టింది కాదు.

ఇలా అడిగినప్పుడు ఎదురొచ్చే వచనం ఒకటుంది: "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు." 105వ కీర్తన 15వ వచనం. ఆ కీర్తనను మొదటి నుంచి చదివితే అక్కడ మాట్లాడుతున్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి అని తెలుస్తుంది. దేశాలు తిరిగే ఆ బలహీనులకు రాజులు హాని చేయకుండా దేవుడు కాపాడాడని దాని భావం. బలం లేనివాళ్లకు కాపుగా ఉన్న మాటను బలవంతుడికి డాలుగా తిప్పేశారు. దావీదు సౌలు మీద కత్తి ఎత్తలేదన్నది కూడా తరచూ వినిపిస్తుంది. నిజమే, ఎత్తలేదు. కానీ సౌలు ఈటె విసిరినప్పుడు అక్కడే కూర్చోలేదు, పారిపోయాడు. గుహ బయట నిలబడి అందరూ వినేలా నిలదీశాడు (1 సమూయేలు 24). పెద్ద మీద ఆరోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలన్న 1 తిమోతికి 5:19ను చదివి వినిపించేవాళ్లు, పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించమన్న 20వ వచనం దగ్గర ఎందుకో ఆగిపోతుంటారు.

ఫిర్యాదు చేయాలనుకుంటే ఒక పేజీ దాటకుండా రాయండి. చూసినవి ఒకచోట, విన్నవి ఒకచోట. తేదీలు ఉండాలి. "మీరు ఆత్మలో లేరు" లాంటి వాక్యాలన్నీ కొట్టేయండి, అవి ఉంటే జవాబు వాటికే వస్తుంది, అసలు విషయానికి రాదు. చివర్లో మీరు కోరేది ఒకటి రెండు మాటల్లో స్పష్టంగా ఉండాలి: లెక్కలు చూపమనో, బయటివాళ్ల చేత విచారణ చేయించమనో. జవాబుకు మూడు వారాల గడువు పెట్టండి. పిలిస్తే ఒంటరిగా వెళ్లకండి. సమావేశం అయిన రోజు రాత్రే "ఈరోజు మనం అనుకున్నవి ఇవి" అని నాలుగు వాక్యాలు రాసి వాళ్లకు పంపండి. రెండు నెలల తర్వాత "మేమలా అనలేదే" అనే మాట రాకుండా ఆపేది అదొక్కటే. చేయకూడనిది వాట్సాప్ గ్రూపులో పోస్టు పెట్టడం. సగం మంది విషయం చదవరు, పెట్టిన తీరు గురించి మాట్లాడుకుంటారు, సాయంత్రానికి ముద్దాయి మీరే అవుతారు. పేరు లేని ఉత్తరాలూ అంతే.

ఏ జవాబూ రాకపోతే, లేదా వచ్చిన జవాబు బెదిరింపు అయితే, వెళ్లిపోవచ్చు. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనేవాడు కనిపిస్తాడు. ప్రధానత్వం కోరుకుంటాడు, సహోదరులను చేర్చుకోడు, చేర్చుకునేవాళ్లను వెలివేస్తాడు. అతని చేత వెలి వేయబడినవాళ్లను యోహాను తప్పుపట్టలేదు.

వెళ్లడంలో కూడా ఒక వరస ఉంది. ముందు బాధ్యతలు అప్పగించండి: తాళాలు, సండేస్కూలు రిజిస్టరు, డబ్బు ఏమైనా మీ దగ్గర ఉంటే లెక్కతో సహా, రసీదు తీసుకుని. తర్వాత చిన్న ఉత్తరం, ఐదారు వాక్యాలు, వాదన లేకుండా. బాప్తిస్మం సర్టిఫికెట్, సభ్యత్వ బదిలీ పత్రం అడిగి తీసుకోండి. చాలా సంఘాల్లో పెళ్లికీ భూస్థాపనకూ ఇవి అడుగుతారు, గొడవ ముదిరాక వెళ్తే దొరకవు. ఇంట్లో భార్యకో భర్తకో అక్కడే ఉండాలని ఉంటే బలవంతం చేయకండి. ఒక ఇంట్లో ఇద్దరు రెండు చోట్లకు వెళ్లడం ఇబ్బందే, కానీ "నీ వల్లే నా సంఘం పోయింది" అన్న మాటతో పదేళ్లు కాపురం చేయడం అంతకన్నా ఇబ్బంది.

కొందరిని ఇంకో అనుమానం కొరుకుతుంటుంది. నాకు బాప్తిస్మం ఇచ్చిన మనిషే ఇలాంటివాడని తేలితే ఆ బాప్తిస్మం చెల్లుతుందా? ఇదే ప్రశ్న మీద 4వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా సంఘం రెండుగా చీలింది. రోమా ప్రభుత్వం క్రైస్తవులను హింసించిన కాలంలో లేఖనాలను అధికారులకు అప్పగించిన బిషప్పుల చేతి సంస్కారాలు చెల్లవని డొనాటిస్టులు వాదించారు. ఆ ప్రాంతపు బిషప్పు అగస్టీను ఒప్పుకోలేదు, ఆ వరం ఇచ్చేది క్రీస్తు కాబట్టి ఇచ్చిన చెయ్యి మురికిదైనా అది చెల్లుతుందన్నాడు. పాశ్చాత్య సంఘం ఎక్కువగా ఆయన మాటనే పట్టుకుంది. మీ బాప్తిస్మం మీదే.

ఇక ఇంట్లో చేసుకోవాల్సింది. రోజుకు పదిహేను నిమిషాలు, ఒకే వేళ, ఒకే కుర్చీ. ఒక కీర్తన, సువార్తల్లో ఒక అధ్యాయం, పరలోక ప్రార్థన. నాలుగు సువార్తలు కలిపి 89 అధ్యాయాలు, మూడు నెలల్లో పూర్తవుతాయి. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం 150 కీర్తనలనూ నెలకు 30 రోజులుగా, ఉదయం సాయంత్రం పంచింది. అంత బరువు ఇప్పుడు ఎత్తుకోవద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే, తెల్లవారుజామున గంట ప్రార్థన అని మొదలుపెట్టి పదో రోజుకు ఆపేసి, "నా వల్ల కాదు" అని పూర్తిగా వదిలేస్తారు.

కీర్తనల్లో 13తో మొదలుపెట్టండి. ఆరే వచనాలు, ఎన్నాళ్లు మరిచిపోతావని దేవుణ్ణే నిలదీస్తుంది. 88వది ఇంకా చీకటిది, చివరి మాటకు కూడా వెలుగు రాదు. స్తుతి చేయలేని రోజున దాన్ని గట్టిగా చదవడమే ప్రార్థన. కొత్త నిబంధనలోని పత్రికల (ఉత్తరాల) జోలికి కొన్నాళ్లు వెళ్లకపోయినా ఫర్వాలేదు, ఎందుకంటే మిమ్మల్ని కొట్టడానికి వాడిన వచనాలు ఇంకా ఆ ప్రసంగీకుడి గొంతులోనే వినిపిస్తాయి. దానికి ఒక చిన్న ఉపాయం, చిన్నప్పటి నుంచి చదివిన గ్రాంథిక అనువాదం పక్కనబెట్టి వాడుక భాషలో వచ్చిన అనువాదం తీయడం. అదే వచనం కొత్త గొంతుతో పలుకుతుంది. యూట్యూబ్ ప్రసంగాలు వారానికి ఒకటి చాలు. రోజుకు నాలుగు వింటే మళ్లీ ఇంకొక మనిషి మీద ఆధారపడటమే అవుతుంది, ఈసారి మీ పేరు కూడా తెలియని మనిషి మీద. సంఘాల కుంభకోణాల వీడియోలైతే అసలు వద్దు. అవి చూస్తే కోపం తాజాగా ఉంటుంది తప్ప గాయం మానదు.

కానుక మాత్రం ఆపకండి. ఇదివరకు ఎంత భాగం ఇచ్చేవారో అంతే తీసి వేరే కవరులో పెట్టండి. ద్వితీయోపదేశకాండము 14:28-29 మూడో ఏటి దశమభాగాన్ని లేవీయులతో పాటు పరదేశులకూ తండ్రిలేనివాళ్లకూ విధవరాండ్రకూ తినిపించమంది. దశమభాగం తెమ్మన్న మలాకీ 3:10 మీద వందసార్లు ప్రసంగం విన్నవాళ్లు కూడా ఈ మాట విని ఉండకపోవచ్చు. ఫీజు కట్టలేని పిల్లకో, మందులు కొనలేని ముసలమ్మకో నేరుగా ఇవ్వండి. ఇవ్వడం ఆగితే చెయ్యి ముడుచుకుపోతుంది, తర్వాత తెరవాలంటే కష్టం.

ప్రభు బల్ల ఒక్కటి ఒంటరిగా సాధ్యం కాదు. కతోలికులకు, ఆర్థడాక్సులకు యాజకుడు లేకుండా కుదరదు. బ్రదరన్ కూడికల్లో పాస్టరు అనే పదవి లేకుండానే విశ్వాసులు రొట్టె విరుస్తారు. మీరు ఏ సంప్రదాయం నుంచి వచ్చినా పౌలు మాట ఒకటుంది, ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండండని (1 కొరింథీయులకు 11:33). కాబట్టి వేరే సంఘానికి అతిథిగా వెళ్లండి. బయటివాళ్లను బల్లలో పాలుపంచుకోనిస్తారో లేదో ముందే అడగండి, వరసలో నిలబడ్డాక అడిగితే ఇద్దరికీ ఇబ్బంది.

హెబ్రీయులకు 10:25 మీ మీద ప్రయోగిస్తారు, సమాజంగా కూడుకోవడం మానకూడదని. దానికి ముందున్న 24వ వచనం కూడిక ఎందుకో చెబుతుంది: ప్రేమకూ మంచి పనులకూ ఒకరినొకరు పురికొల్పుకోవడానికి. అది జరగని హాలును వదిలినంత మాత్రాన వచనం తప్పినట్టు కాదు. అయినా ఆ వచనం మిమ్మల్ని పూర్తిగా వదలదు కూడా, వారానికోసారి ఇద్దరు ముగ్గురితోనైనా కలవాలి. ఏలీయా ప్రవక్త "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు మొదట వాదించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. నమ్మకంగా నిలిచినవాళ్లు ఇంకా ఏడు వేల మంది ఉన్నారన్న మాట ఆ తర్వాత, హోరేబు కొండ దాకా నడిచి అతను "నేనొక్కడినే మిగిలాను" అన్నాక వచ్చింది. ఆ వరస గమనించండి. కొన్ని నెలలు విశ్రాంతి తీసుకోవడం పాపం కాదు.

కొత్త సంఘం చూసేటప్పుడు ఆరు వారాలు వెళ్లాకే నిర్ణయించుకోండి. మొదటి వారం అందరూ బాగుంటారు. పాస్టరు గారు లేని ఆదివారం ఒకటి చూడగలిగితే చాలా తెలుస్తుంది, ఆయన లేకుండా ఆరాధన నడుస్తుందా అని. వెళ్లిపోయిన సభ్యుల గురించి ఎలా మాట్లాడతారో వినండి. "మేము తప్పు చేశాం" అన్న మాట వేదిక మీద ఎప్పుడైనా వినిపిస్తుందా? ప్రకటన గ్రంథంలో ఏడు సంఘాలుంటే స్ముర్న, ఫిలదెల్ఫియ తప్ప మిగతా ఐదింటికీ గద్దింపు ఉంది, కాబట్టి మచ్చలేని సంఘం కోసం వెతకవద్దు. పాత కథ కొత్త కాపరికి ఒక్కసారి, క్లుప్తంగా, పేర్లు వీలైనంత తక్కువగా చెప్పండి. మొదటి ఏడాది ఏ పదవీ ఒప్పుకోకండి, కీబోర్డు వాయించడం వచ్చినా సరే.

పాత సంఘంవాళ్లు ఎక్కడో ఒకచోట ఎదురవుతారు, "ఏమ్మా, కనబడటం లేదు" అంటారు. దానికి జవాబు ముందే తయారుచేసి పెట్టుకోండి: "ఫలానా చోటికి వెళ్తున్నామండీ, మీ కోసం ప్రార్థన చేస్తున్నాం." ఇంకా అడిగితే, "ఇంటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం." నిజంగా వినాలనుకునేవాళ్లు వస్తారు. వాళ్లకు ఆ ఒక పేజీ చూపించండి, అంతకు మించి చెప్పక్కర్లేదు.