నాన్నకి చూపించిన వెల్డింగ్

రష్యాలోని ఎకతెరీన్‌బర్గ్‌లో నాలుగు రోజులున్నాను. మూడు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. చలి, అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్న మా పిన్ని కొడుకు హాస్టల్, వాడు వండిపెట్టిన టమాటా పప్పు. మన బ్యాంకు కార్డులు పనిచేయవు, నోట్ల కట్ట జేబులో పెట్టుకుని తిరగాలి. ప్రతి టీకీ రూపాయల్లో లెక్కేసుకుని గుండె పట్టుకోవడమే సరిపోయింది.

నాలుగో రోజు పొద్దున్నే "అన్నా, యుద్ధం ట్యాంకులు చూడాలన్నావు కదా, ముందు అవి పుట్టిన చోటు చూద్దాం పద" అన్నాడు. మెట్రోలో ఉరల్మాష్ స్టేషన్‌లో దిగి మంచులో నడిచాం. మొదటి పంచవర్ష ప్రణాళిక పేరు పెట్టిన చౌరస్తా, ఎదురుగా ఉరల్మాష్ ఫ్యాక్టరీ, దిమ్మె మీద ఎస్‌యూ-100 అనే రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి బండి. చూడగానే ట్యాంకే అనిపిస్తుంది, కానీ పైన ఫిరంగితో పాటు తిరిగే గది, అదే టరెట్, లేదు. ట్యాంకులో ఎంత పెద్ద ఫిరంగి పడుతుందో టరెట్ తిరిగే వలయాన్ని బట్టి ఉంటుంది. టరెట్ తీసేసి, ఆ యుద్ధంలో సోవియట్ ట్యాంకైన టీ-34 చట్రం మీదే ముందుకు చూసే మందపాటి ఉక్కు గది కడితే ఇంకా పెద్ద ఫిరంగి కూర్చుంటుంది, తయారుచేసే పనీ తగ్గుతుంది. అంతకుముందు గనులకీ ఉక్కు ఫ్యాక్టరీలకీ యంత్రాలు చేసిన ఉరల్మాష్, 1942 చివర్లో ఎస్‌యూ-122, 1943లో ఎస్‌యూ-85, 1944లో ఈ ఎస్‌యూ-100 చేసింది. దీని 100 మిల్లీమీటర్ల ఫిరంగి తమ్ముళ్లే తర్వాత టీ-55 ట్యాంకుల మీదకి ఎక్కాయి. 1971లో మన సైన్యం నడిపిన టీ-55లు అవే.

అక్కణ్ణుంచి వెర్ఖ్‌న్యాయ పిష్మా అనే ఊళ్లో ఉన్న యుద్ధ వాహనాల మ్యూజియానికి వెళ్లాం. లోపల అంతస్తుల నిండా ఏమేం ఉన్నాయో నాకు సరిగ్గా గుర్తు లేదు, ఎందుకంటే నేను బయట ఆవరణలో ఒక టీ-34 దగ్గరే ఆగిపోయాను. దాని టరెట్ ఒంటి నిండా గరుకు, ఎండిన మట్టిగోడ మీద చెయ్యి పెట్టినట్టు ఉంటుందనిపించింది. పోత పోసిన అచ్చు ముక్కలు కలిసిన చోట వేలంత గీత అలాగే వదిలేశారు. సానపట్టలేదు, తుడవలేదు.

మా నాన్న ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో టర్నర్‌గా, అంటే లేత్ మిషన్ మీద లోహం చెక్కే పని చేసి రిటైరయ్యాడు. కొత్త గిన్నె కొన్నా అంచు చుట్టూ బొటనవేలు తిప్పి చూసి గానీ ఇంట్లోకి రానివ్వడు. ఈ గీత ఆయన చూడాల్సిందే అనిపించింది. అక్కడికీ మనకీ అరగంటే తేడా, మేలుకునే ఉంటాడు, వీడియో కాల్ చేశాను.

ఈలోగా అక్కడి కాపలా పెద్దావిడ వచ్చింది. ముట్టుకోవద్దని అరుస్తుందనుకుని టెన్షన్ పడ్డాను. ఫోన్‌లో ఎవరని అడిగింది. మావాడు రష్యన్‌లో చెప్పాడు, ఈయన వాళ్ల నాన్న, ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసినాయన అని. ఆవిడ ముఖం మారిపోయింది. వాళ్లమ్మ కూడా యుద్ధంలో లేత్ మీదే పనిచేసిందట, పద్నాలుగేళ్లకే. చెయ్యి అందక చెక్కపెట్టె మీద నిలబడి పనిచేసేదని, పెట్టె ఎంత ఎత్తుండేదో చేత్తో చూపించింది, తన మోకాలి దాకా.

1941 శరదృతువులో ఖార్కోవ్ ట్యాంకు ఫ్యాక్టరీని రైళ్లకెక్కించి ఇక్కడికి ఉత్తరాన నిజ్నీ తగీల్‌కి తరలించారు. లెనిన్‌గ్రాడ్ కిరోవ్ ఫ్యాక్టరీ చెల్యాబిన్‌స్క్‌కి వచ్చింది, అందుకే ఆ ఊరికి ట్యాంకోగ్రాడ్, అంటే ట్యాంకుల ఊరు, అని పేరు. మగవాళ్లు యుద్ధంలో, మిషన్ల దగ్గర ఆడవాళ్లూ పిల్లలూ. చెయ్యి తిరిగిన వెల్డర్లు దొరక్క, ఇంజనీరు ఎవ్‌గెనీ పటోన్ ఆటోమేటిక్ వెల్డింగ్ తెచ్చాక, కొద్ది రోజులు నేర్చుకున్న పిల్లలు కూడా ఆ మిషన్లు నడిపారు. ఇవన్నీ ముందే చదివాను. ఆవిడ మోకాలి దగ్గర చెయ్యి పెట్టాకే నాకు ఒంట్లోకి ఎక్కింది.

నాన్న అటునుంచి "గరుకు సంగతి వదిలెయ్, టరెట్ ఉన్నది గుండుని ఆపడానికి, అందానికి కాదు. ముందు పలకలు కలిసిన చోటు చూపించు" అన్నాడు. కిందికి వంగి ఫోన్ దగ్గరగా పెట్టాను. చాలాసేపు ఏమీ అనలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

"ఫోన్ కదిలించకురా, ఇంకొంచెం పక్కకి జరుపు" అన్నాడు.