బేసిక్ పెరగని ప్రమోషన్

దుబాయిలో ఒక నిర్మాణ కంపెనీలో టైమ్‌కీపర్‌గా పనిచేస్తున్నందువల్ల ఎవరికి ఎంత బేసిక్ (అలవెన్సులు కలపని మూల వేతనం), ఎన్ని గంటల ఓటీ (అదనపు పని), చివరకు చేతికి ఎంత వచ్చింది అన్న లెక్కలు నెలనెలా నా చేతుల మీదుగానే వెళతాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి హెల్పర్లుగా వచ్చి, పని నేర్చుకుని ఎలక్ట్రీషియన్లై, ఆపైన ఫోర్‌మన్లైన మనవాళ్లు సూపర్‌వైజర్ లేఖ అందుకున్న రోజున ఎంత పొంగిపోతారో నాకు తెలుసు. ఆ సంతోషానికి వాళ్లు పూర్తిగా అర్హులు. అయితే చాలామంది లేఖ అడుగున ఉన్న మొత్తం జీతం చూసి సంతకం పెట్టేస్తారు. ముందుగా చూడవలసింది పైన ఉన్న బేసిక్.

ఈమధ్య కోరుట్ల వైపు తమ్ముడొకడు అలాంటి లేఖే తెచ్చి చూపించాడు. అతని బేసిక్ 1,500 దిర్హములు, తిండికి 300. గది, బస్సు కంపెనీవే. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 26 రోజులు ఓటీ చేస్తాడు. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు బేసిక్ 6.25 దిర్హములు, దానికి చట్టం చెప్పిన 25 శాతం కలిపితే 7.81, నెలకు సుమారు 406. అంటే గది అద్దె, బస్సు ఛార్జీ లేకుండా చేతికి దాదాపు 2,206 దిర్హములు వస్తున్నాయి. కొత్త లేఖలో మొత్తం 2,700 అని ఉంది. అందులో బేసిక్ అదే 1,500, తిండికి అదే 300. మిగిలిన 900 ఇంటి అద్దెకు, ప్రయాణానికి ఇచ్చే అలవెన్సు. ఓటీ ఉండదు, కంపెనీ క్యాంపులో మంచమూ ఉండదు. చేతికి వచ్చేది పెరిగింది 494 దిర్హములే కనుక బయట బెడ్ స్పేస్‌కూ (పంచుకునే గదిలో అద్దె మంచానికీ) రాకపోకలకూ కలిపి అంతకు మించి ఖర్చయిందంటే, ఇంటికి పంపే సొమ్ము మునుపటికన్నా తగ్గుతుంది. దుబాయిలో అద్దెలు తెలిసినవారెవరికీ ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఇది నెలనెలా తెలిసివచ్చే నష్టం. ఇంతకన్నా పెద్ద నష్టం ఉద్యోగం వదిలే రోజు వరకు కనిపించదు. ఇక్కడి చట్టం ప్రకారం ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్ లెక్కన వస్తుంది. మొత్తం రెండేళ్ల జీతానికి మించకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఆ లెక్కంతా చివరగా తీసుకున్న బేసిక్ మీద కడతారు. పదేళ్ల సర్వీసుకు 255 రోజులు. 1,500 బేసిక్ మీద 12,750 దిర్హములు. అదే 2,700లో బేసిక్‌ను 2,000 చేసి, అలవెన్సులను ఆ మేరకు తగ్గించి ఉంటే 17,000 వచ్చేది. బేసిక్ పెరిగితే గడిచిపోయిన ఏళ్ల విలువ కూడా పెరుగుతుంది. అలవెన్సు పెరిగితే ఆ ఏళ్లకు ఒక్క దిర్హమూ కలవదు. వాడుకోని సెలవుకు ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము బేసిక్ మీదే కడతారు. ఉద్యోగం పోయినప్పుడు మూడు నెలల వరకు ఆదుకునే నిరుద్యోగ బీమా సొమ్ము కూడా సగటు బేసిక్‌లో 60 శాతమే.

సూపర్‌వైజర్ అయితే ఓటీ ఉండదన్న మాటను మనవాళ్లు ప్రశ్నించకుండా ఒప్పేసుకుంటారు. 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న కార్మిక చట్టపు నియమాలు పర్యవేక్షక పదవులలో పనిగంటల పరిమితి నుంచి మినహాయించింది యజమానికుండే అధికారాలు దక్కినవాటిని మాత్రమే. ఒక మనిషిని పనిలోకి తీసుకునే అధికారం గానీ, తీసేసే అధికారం గానీ, చివరకు ఒక సెలవు మంజూరు చేసే అధికారం గానీ లేకుండా, ఎండలో పదిమందిని వెంటబెట్టుకుని కేబుల్ లాగించే మనిషికి తలపై హెల్మెట్ రంగు మారినంత మాత్రాన ఆ మినహాయింపు వర్తిస్తుందనడం నా దృష్టిలో అన్యాయం.

ఇంత చెప్పినా ప్రమోషన్ వద్దనను. కాంట్రాక్టులో సూపర్‌వైజర్ అని నమోదైతే రేపు మరో కంపెనీకి వెళ్లినప్పుడు బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. భార్యాపిల్లలను తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హములైనా ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లైనా ఉండాలి. హెల్పర్‌గా మిగిలిపోయినవాడికి ఆ గడప ఎప్పటికీ అందదు. ఏళ్ల తరబడి భార్యను వీడియో కాల్‌లోనే చూసుకునేవాడికి ఆ గడప ఎంత దగ్గరపడితే అంత మేలు. కొంతకాలం తక్కువ మిగిలినా అందుకోసం ఓర్చుకోవచ్చు.

ఆ తమ్ముడికి ఇబ్బంది మరొకటి ఉంది. "అన్నా, ఇంట్ల చెప్పేసిన, సూపర్‌వైజర్ అయిన అని. ఇప్పుడు వద్దంటే ఎట్ల?" అన్నాడు. వద్దనమని కాదు, అడగమని చెప్పాను. బేసిక్ పెంచమని, క్యాంపులో మంచం, ఓటీ ఉంచమని ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం. కంపెనీ బేసిక్ 1,800 చేసింది, ఇంటి అద్దె అలవెన్సు తీసేసి గది ఉంచింది. ఓటీ సంగతి మేనేజర్ నోటిమాటగా సరే అన్నాడు గానీ సవరించిన లేఖలో ఆ వాక్యం లేదు. అది రాతలోకి వచ్చి, ప్రభుత్వం దగ్గర నమోదయ్యే కాంట్రాక్టులో కూడా కొత్త బేసిక్ కనిపించేదాకా సంతకం పెట్టవద్దని చెప్పాను.