సోడియం ప్రశ్నల్లో మార్కులు ఎక్కడ జారిపోతున్నాయి? – నీట్ పీజీ ప్రిపరేషన్ అనుభవాలు

గుంటూరు, విజయవాడల్లో ఇంటర్న్‌షిప్ చేస్తూ చదువుకునేవాళ్లలో చాలామందికి ఎలక్ట్రొలైట్స్ (ఒంట్లోని సోడియం, పొటాషియం లాంటి లవణాలు) చాప్టర్ అంటే జంకు. నిజానికి ఎండాకాలంలో మన వార్డుల్లోని కేసులే దీనికి మంచి గురువులు. బీపీకి థయజైడ్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) మాత్ర వాడే పెద్దావిడ, నాలుగు రోజులుగా అన్నం సయించక మంచినీళ్లతోనే గడిపింది, మగతగా ఉంది, సోడియం 112. ఇంట్లోవాళ్లు "ఒంట్లో ఉప్పు పడిపోయిందంట, కాస్త ఊరగాయ పెట్టమంటారా?" అని అడుగుతారు. పరీక్షలో మనవాళ్లూ అదే దారిన ఆలోచించి తప్పు ఆప్షన్ పెడుతున్నారు. రిపోర్టులో కనిపించే అంకె ఉప్పుకీ నీటికీ ఉన్న నిష్పత్తి. హార్ట్ ఫెయిల్యూర్‌తో కాళ్లు వాచినవాళ్లకి ఒంట్లో ఉప్పు ఎక్కువే ఉంటుంది, నీరు అంతకంటే ఎక్కువ చేరుతుంది. అందుకే 125 వస్తుంది.

లీటరుకు 135–145 మిల్లీఈక్వివలెంట్లు నార్మల్. తక్కువ కనబడగానే ముందు ఆస్మోలాలిటీ (రక్తంలో కరిగి ఉన్న పదార్థాల గాఢత) లెక్క కట్టండి: సోడియంకి రెట్టింపు, దానికి గ్లూకోజ్‌ని 18తో, బ్లడ్ యూరియా నైట్రోజన్‌ని 2.8తో భాగించి కలపాలి. మన ల్యాబులు ఎక్కువగా బ్లడ్ యూరియా ఇస్తాయి, దాన్ని 6తో భాగించాలి. యూరియా 180 ఉన్న కిడ్నీ రోగికి 30 రావాల్సిన చోట 2.8తో భాగిస్తే 64 వస్తుంది, లెక్కంతా తలకిందులు. గ్లూకోజ్ 600 ఉంటే, 100 దాటిన ప్రతి వందకీ 1.6 చొప్పున సోడియంకి 8 కలపండి. 128 అసలు 136 అన్నమాట.

ఆస్మోలాలిటీ నిజంగానే తక్కువైతే యూరిన్ చూడాలి. యూరిన్ ఆస్మోలాలిటీ 100 లోపుంటే ఏడీహెచ్ (యూరిన్‌లో నీరు పోకుండా ఆపే హార్మోన్) పనిచేయడం లేదు, మనిషి అతిగా నీళ్లు తాగుతున్నాడు. 100 దాటితే యూరిన్ సోడియం, ఒంట్లో నీటి పరిస్థితి చూడండి. నాలుక ఎండి, యూరిన్ సోడియం 20 లోపుంటే వాంతులు, విరేచనాల లాంటి నష్టం. వాపూ లేదు, డీహైడ్రేషనూ లేదు, యూరిన్ సోడియం 30 పైన, థైరాయిడ్, కార్టిసాల్ నార్మల్ అంటే ఎస్ఐఏడీహెచ్, అంటే అవసరం లేకున్నా ఏడీహెచ్ ఎక్కువగా పనిచేయడం. కారణం కోసం టీబీ, మెనింజైటిస్, కార్బమజెపిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు, స్మాల్ సెల్ క్యాన్సర్ వెతకండి.

ఎస్ఐఏడీహెచ్‌కి నార్మల్ సెలైన్ ఎక్కిస్తే సోడియం ఇంకా ఎందుకు పడుతుందో ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి, మళ్లీ మర్చిపోరు. లీటరు నార్మల్ సెలైన్‌లో 308 మిల్లీఆస్మోల్స్ ఉంటాయి. రోగి యూరిన్ ఆస్మోలాలిటీ 616 దగ్గరే నిలిచి ఉంటే, ఆ ఉప్పంతా అర లీటరు యూరిన్‌లోనే బయటికి పోతుంది. మిగతా అర లీటరు మంచినీళ్లుగా ఒంట్లో ఉండిపోతుంది. అందుకే ఇక్కడ మొదటి జవాబు నీళ్లు తగ్గించడం.

ఫిట్స్ వచ్చినా, కోమాలో ఉన్నా ఇంత ఆలోచన అక్కర్లేదు: 3 శాతం సెలైన్ 100 మి.లీ. పది నిమిషాల్లో ఇవ్వాలి, అవసరమైతే మూడుసార్ల దాకా. దీని లెక్క కూడా చేతికి రావాలి. 60 కిలోల మగ రోగి ఒంట్లో నీరు 36 లీటర్లు, సోడియం 110. 3 శాతం సెలైన్‌లో 513 ఉంటుంది. 513లోంచి 110 తీసి 37తో (36కి ఎక్కించే ఒక లీటరు కలిపి) భాగిస్తే లీటరుకు సుమారు 11, అంటే 100 మి.లీ.కి ఒకటి. మొదటి గంటల్లో 4 నుంచి 6 పెరిగితే మెదడు వాపుకి అది చాలు.

ఆ తర్వాతే అసలు ప్రమాదం. తాగుడు అలవాటున్నవాళ్లు, పోషకాహారం లేనివాళ్లు, లివర్ జబ్బు, తక్కువ పొటాషియం ఉన్నవాళ్లకి 24 గంటల్లో సోడియం పెరుగుదల 8 దాటనివ్వకూడదు. దాటితే రెండు నుంచి ఆరు రోజుల తర్వాత మాట తడబడడం, మింగలేకపోవడం, కాళ్లూచేతులూ పడిపోవడం కనిపిస్తాయి: ఆస్మోటిక్ డీమైలినేషన్ (మెదడులో నరాల పైపొర దెబ్బతినడం). మొదట చెప్పిన పెద్దావిడలాంటివాళ్లలోనే సోడియం పెరుగుదల మన చేయి దాటిపోతుంది. సెలైన్‌తో వాల్యూమ్ సర్దుకోగానే ఏడీహెచ్ ఆగిపోతుంది, పల్చటి యూరిన్ ధారగా వస్తుంది, సోడియం దానంతటదే ఎగబాకుతుంది. యూరిన్ బ్యాగ్ గంటకు 100 మి.లీ. దాటి నిండుతోందంటే సోడియం వెంటనే మళ్లీ పంపండి. హద్దు దాటిందా, 5 శాతం డెక్స్‌ట్రోస్, డెస్మోప్రెసిన్ (ఏడీహెచ్ లాంటి మందు) ఇవ్వాలి. పొటాషియం ఎక్కించినా సోడియం పెరుగుతుందన్నది చాలామంది వదిలేసే పాయింట్.

సోడియం పెరిగిన కేసుల్లో లెక్క సులువు. 160 ఉన్న అదే 60 కిలోల రోగికి, 160ని 140తో భాగించి, ఒకటి తీసేసి, 36తో గుణిస్తే సుమారు 5.1 లీటర్ల నీటి లోటు. చాలా రోజులుగా ఉన్నదైతే రోజుకు 10–12 మించి దించకండి, మెదడు వాస్తుంది. బీపీ పడిపోయి ఉంటే మాత్రం ముందు నార్మల్ సెలైన్. పసిపిల్లల ప్రశ్నల్లో ఓఆర్‌ఎస్ ఎలా కలిపారో తప్పకుండా చదవండి. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్‌లో సోడియం 75. దాన్ని పొరపాటున 200 మి.లీ. గ్లాసులో కలిపితే 375 అవుతుంది, విరేచనాల బిడ్డకి స్పూనుతో పట్టేది అదే.