అమ్మ గుర్తుపట్టిన చుట్టం

సెప్టెంబరు చివరి ఆదివారం. ఎండెక్కకముందే అమ్మని మిషన్ ట్రెయిల్స్ పార్కుకి తీసుకెళ్ళాను. ఈ శాన్ డియాగోలో ఎండాకాలమంతా వానన్న మాటే ఉండదు. కొండంతా ఇటుక రంగు పొదలు. నాలుగేళ్ళుగా వాటి పక్కనుంచే నడుస్తూ ఎండిపోయిన కంప అనుకున్నాను. అమ్మ ఒక పొద దగ్గర ఆగింది.

"ఇది ఎండిపోలేదే, విత్తనానికొచ్చింది. మన చుక్కకూర కోయకుండా వదిలేస్తే ఇలాగే ఎర్రబడదూ?"

ఇంటికొచ్చి వెతికితే నాకు ఒళ్ళు జల్లుమంది. అది క్యాలిఫోర్నియా బక్‌వీట్. చుక్కకూర, ఉత్తరాదివాళ్ళు ఉపవాసాలకి పిండి చేసుకునే కుట్టు గింజల మొక్క, ఈ అడవి మొక్క, మూడూ ఒకే కుటుంబం. అమ్మ కంటిచూపుతోనే చుట్టరికం పట్టేసింది!

దీని ఆకులు సూదుల్లా సన్నగా, గుత్తులు గుత్తులుగా ఉంటాయి. అంచులు కిందికి ముడుచుకుని, అడుగున తెల్లటి నూగు. నీరు ఆవిరైపోకుండా ఆ ఏర్పాటు. వేసవిలో తెల్లగా, లేత గులాబీగా పూస్తుంది. అప్పుడు పొద నిండా తేనెటీగలే.

ఈ నేల ఇక్కడి ఆదివాసులు కుమియాయ్ ప్రజలది. వాళ్ళకీ, ఉత్తరాన ఉండే కవీయా తెగకీ ఇది ఇంటి మందు. తలనొప్పికీ కడుపునొప్పికీ ఆకుల కషాయం తాగేవారు. విరేచనాలకి పూలు కాచి ఇచ్చేవారు, కళ్ళు కడుక్కోవడానికీ వాడేవారు. కవీయా పెద్దావిడ క్యాథరిన్ సీవా సాబెల్ తమవాళ్ళ మొక్కల వాడకాన్ని ఒక మానవ శాస్త్రవేత్తతో కలిసి 1972లో పుస్తకంగా తెచ్చారు. ఆవిడంటే నాకు ఎంతో గౌరవం కలిగింది. పెద్దల నోట్లో ఉన్నది వాళ్ళతోనే పోకుండా ఆపారు.

ఇదంతా చదివి వినిపిస్తే అమ్మ ఆశ్చర్యపోలేదు. "విరేచనాలకా? మనం దానిమ్మ తొక్క కాయమూ, అలాగే" అంది.

"తొక్క ఎంత వేస్తావమ్మా?"

"ఎంతేమిటే, చేతికి తెలుస్తుంది."

చిన్నప్పుడు ఎన్నిసార్లు తాగించిందో ఆ వగరు నీళ్ళు. ముక్కు మూసుకుని మింగడమే తప్ప, ఎలా కాస్తుందో ఒక్కసారీ చూడలేదు. అమ్మ ఇంకా మూడు వారాలు ఇక్కడుంటుంది. రేపు దానిమ్మకాయలు తేవాలి. ఆవిడ గుప్పిట తెరిచి గిన్నెలో వేసేలోపు పట్టుకుని, తూచి, ఈ పేజీ కిందే రాసుకోవాలి.