కేకు పెట్టగానే కరెంటు పోయింది

పెద్దమ్మాయి పుట్టినరోజుకి కేకు ఇంట్లోనే చేద్దామని మొన్న అక్టోబరులో అటక మీంచి ఓటీజీ, అంటే కేకులు చేసే కరెంటు ఓవెన్, దింపాం. వేసవి సెలవుల తర్వాత దాన్ని ముట్టుకున్నది లేదు. దుమ్ము తుడిచి, ప్లగ్గు పెట్టి, 180 డిగ్రీలకి తిప్పాను. రెండు నిమిషాలు రాడ్లు ఎర్రగా వెలిగాయి. తర్వాత టప్‌మని చప్పుడు, ఇల్లంతా చీకటి. హాల్లోంచి మావయ్యగారు "కరెంటు పోయిందా?" అన్నారు. ఎదురింట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

మెయిన్ లేపి మళ్లీ పెట్టాను. మళ్లీ టప్.

లోడు ఎక్కువైందేమో అనుకుని ఫ్రిజ్, గీజరు, మిక్సీ అన్నీ ఆపేశా. అయినా పడింది. ఆ టెన్షన్‌లో లెక్క వేసుకోలేదు గానీ, ఓవెన్ 2000 వాట్లు. 230 వోల్టుల మీద 9 ఆంపియర్లు కూడా లాగదు. వంటింట్లో ఉన్నది 16 ఆంపియర్ల పాయింటు. గీజరు రోజూ అంతే లాగుతుంది, ఏనాడూ పేచీ పెట్టలేదు.

వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే వచ్చి చూసి, "ఎర్తు వైరు పీకేస్తే ఇక పడదమ్మా" అన్నాడు. నిజమే, పడకపోవచ్చు. లీకయ్యే కరెంటు మాత్రం భూమిలోకి పోయే దారి లేక ఓవెన్ రేకు మీదే కూర్చుని, తడిచేత్తో తలుపు తీసేవాళ్ల కోసం కాచుకుని ఉంటుంది. వద్దన్నాను. మొహం ముడుచుకుని వెళ్లాడు.

మా తమ్ముడు వైజాగ్‌లో ఒక ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాడు. వీడియో కాల్ చేశా. వాడు మొదట అడిగింది ఒక్కటే: "అక్కా, పడింది ఏ స్విచ్చు?"

నేను అన్నిటినీ కలిపి మెయిన్ అనేస్తున్నాను. బోర్డు మూత తీసి చూపించా. లోడు ఎక్కువైతే పడే చిన్న స్విచ్చులు, ఎంసీబీలు, అన్నీ పైకే ఉన్నాయి. పడింది వాటి పక్కన వెడల్పుగా, టెస్ట్ బటన్‌తో ఉన్నది.

"అది ఆర్‌సీసీబీ, కరెంటు లీకైతే పడే స్విచ్చు. దానికి లోడుతో పని లేదు. ఫేజులో వెళ్లింది న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అన్నదే దాని గోల. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే ఇక ఆగదు, ఒక్కోసారి అంతకన్నా ముందే పడిపోతుంది. నీ ఓవెన్లో ఏదో రాడ్డు బాడీకి లీకవుతోంది. పై రాడ్డు మీద ఒకసారి, కింద రాడ్డు మీద ఒకసారి పెట్టి చూడు."

పైది ఒక్కటే పెట్టా. పది నిమిషాలైనా ఏమీ కాలేదు. నాబ్ కింది రాడ్డుకి తిప్పా. టప్.

రాడ్డంటే ఇనుప కడ్డీ అనే ఇన్నాళ్లూ నా అభిప్రాయం. అది గొట్టమట. నడుమ వేడెక్కే నిక్రోమ్ తీగ, దాని చుట్టూ దట్టించిన తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. తీగ గొట్టానికి తగలకుండా కాపాడేది ఆ పొడే. వాడకుండా ఉంచితే రాడ్డు కొసల నుంచి పొడిలోకి చెమ్మ ఎక్కుతుంది. మాది కాకినాడ. ఉప్పు సీసాలోనే నీరూరుతుంది, వానాకాలమంతా అటక మీద పడున్న ఓవెన్‌కి చెమ్మ పట్టదా! మామూలు మల్టీమీటరు పెడితే ఈ లోపం దొరక్కపోవచ్చట, 500 వోల్టులు పెట్టి లీకేజీ చూసే మెగ్గరు అనే మీటరు కావాలన్నాడు.

"బాగున్న రాడ్డుతోనే పాడైనదాన్ని ఆరబెట్టు. పైది మాత్రం పెట్టి, తలుపు కాస్త ఓరగా ఉంచి, ఖాళీగా నడిపించు. తర్వాత కూడా పడితే రాడ్డు మార్చడమే, ఇంకేం ప్రయోగాలు చెయ్యకు."

ముప్పావు గంట నడిపా. కిందటిసారి కారిన వెన్న కాబోలు, మాడు వాసన వంటిల్లంతా. చల్లారాక నాబ్ కిందికి తిప్పి, ఒక కన్ను బోర్డు మీదే ఉంచి నిలబడ్డాను. అయిదు నిమిషాలు, పది, ఇరవై. ఆర్‌సీసీబీ కదల్లేదు.

ఈలోగా అత్తయ్య గ్యాస్కెట్టూ విజిలూ తీసేసిన కుక్కర్లో ఉప్పు పోసి, కేకు చేసేశారు. సాయంత్రం పిల్ల కోసింది ఆ కేకే. అంచులు కాస్త మాడినా గిన్నె ఖాళీ.

ఓవెన్ ఇప్పుడు అటకెక్కలేదు, ఫ్రిజ్ పక్కనే ఉంది. నెలకోసారి పావుగంట ఖాళీగా వేడి చేస్తున్నా. అత్తయ్య దాని మీద క్రోషే గుడ్డ కప్పారు. వేడి చేసే రోజు గుర్తుపెట్టుకుని అది తీయడం నాకు ఇంకో పని.