బొటనవేలి గుంట

పొదిలి దగ్గరి మా ఊళ్లో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా, తాతయ్య ముందుగా వాళ్ల మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేవారు. ఆ అలవాటు సింగపూర్ నుంచి వచ్చిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

1942 ఫిబ్రవరి 15న అక్కడి బ్రిటిష్ సేన జపానుకు లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్క్ మైదానంలో వేలాది భారతీయ సిపాయిలను తెల్లవాళ్ల నుంచి వేరుచేసి జపాను అధికారులకు అప్పగించినప్పుడు, ఆ వరుసల్లో ఆయనా ఉన్నారు. కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, ఆయన చేరలేదు. ఎందుకని నాయన అడిగితే జవాబు చెప్పలేదట, కానీ చేరినవాళ్లను ఎవరినీ ఒక్క మాట అననిచ్చేవారు కాదు.

శిబిరంలో తెల్లబియ్యం తప్ప దాదాపు మరేమీ దొరక్క, బి1 విటమిన్ లోపించి చాలామందికి బెరిబెరి వచ్చింది. కాళ్లకు నీరు పట్టి, వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచిపోయేది. పక్కన పడుకునే మనిషి కాలిని తాతయ్య ప్రతి రాత్రీ అలా నొక్కి చూసేవారట. ఆ మనిషి తిరిగి రాలేదు.

బతికినన్నాళ్లూ ఇంట్లో దంపుడు బియ్యమే వండాలని ఆయన పట్టుబడితే, చాదస్తమని మేము విసుక్కున్నాం. అది తలచుకుంటే ఇవాళ మనసు కలుక్కుమంటోంది.